రొయ్యల చెరువు ‘లోకల్ టాపిక్’ అన్న గైడ్‌కి ఏం చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పొలిటికల్ సైన్స్‌లో ఎంఏ అయింది, పీహెచ్‌డీలో చేరారు, ఊరు భీమవరం దగ్గర. రొయ్యల సాగు మీద పని చేద్దామనుకుంటే గైడ్ రెండు మాటలన్నారు. అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రమా, పొలిటికల్ ఎకాలజీయా, ముందు ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. మొదటిది దేశాల మధ్య వ్యాపారంలో అధికారం ఎవరిదో చూస్తుంది, రెండోది నేల మీద, నీళ్ల మీద అధికారం ఎవరిదో చూస్తుంది. పైగా రొయ్యల చెరువు మరీ లోకల్ టాపిక్ అన్నారు. ఈ రెండింటికీ తేడా ఏమిటి, ఎక్కడ మొదలుపెట్టాలి, డేటా ఎక్కడ దొరుకుతుంది అని మీరు అడిగారు.

ఇరవై ఏళ్లకి పైగా ఈ పని చేస్తున్నాను, కొన్ని థీసిస్‌లు దిద్దాను, కొన్ని పాడు చేశాను కూడా. నా సమాధానం ఒక్క ముక్కలో చెప్పాలంటే: తేల్చుకోకండి. ఈ రెండు శాస్త్రాలూ ఒకదాన్నొకటి వదిలేసిన చోటే మీ థీసిస్ ఉంది. అర్థశాస్త్రం వాళ్లు విశాఖ పోర్టు దగ్గర ఆగిపోతారు, ఎకాలజీ వాళ్లు చెరువు గట్టు దగ్గర ఆగిపోతారు. మధ్యలో ఉన్న దూరం గురించి రాసినవాళ్లు తక్కువ.

ఎందుకంటున్నానో ఒక ఉదాహరణతో చెప్తాను. 2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు భారత్ సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించారు. వారం తిరిగేసరికి అందులో ఎక్కువ భాగం 90 రోజులు వాయిదా పడింది, 10 శాతం మాత్రం మిగిలింది. కానీ ఈలోపే మన చెరువుల దగ్గర కౌంట్ రేటు పడిపోయింది. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. అమల్లోకే రాని సుంకం, అమెరికా రేవులో ఎవరూ కట్టని సుంకం, ఉండి దగ్గరో ఆకివీడు దగ్గరో ఉన్న రైతు జేబులోంచి ముందే పోయింది. ఆ డబ్బు ఎవరి దగ్గర ఆగింది? ఏ కారణం చెప్పి ఆపారు? పట్టుబడికి, అంటే రొయ్య పట్టి అమ్మే దశకి, వచ్చిన చెరువుని పది రోజులు ఆపుకోగలిగిన రైతు ఎవరు, ఆపుకోలేకపోయిన రైతు ఎవరు? ఇది లోకల్ ప్రశ్న అయితే ఇక అంతర్జాతీయ ప్రశ్న అంటూ ఏదీ లేనట్టే. అదే ఏడాది ఆగస్టు 27 నాటికి సుంకం 50 శాతానికి చేరింది. అప్పుడు ఏం జరిగిందో ఏప్రిల్‌తో పోల్చి చూస్తే మీకు ఒక అధ్యాయం దొరుకుతుంది.

చదివేవాళ్లలో తెలియనివాళ్ల కోసం ఒక మాట: కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. రేటు కౌంట్‌ని బట్టే.

ముందు వ్యాపారం వైపు సంగతి చూద్దాం. 2023–24లో మన దేశం నుంచి సుమారు 7.16 లక్షల టన్నుల ఫ్రోజెన్ రొయ్య ఎగుమతయింది. అందులో మూడు లక్షల టన్నులకి కాస్త తక్కువ ఒక్క అమెరికాకే వెళ్లింది. దేశంలో పండే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. ఒకే సరుకు, ఎక్కువగా ఒకే రాష్ట్రం, ఒకే పెద్ద గిరాకీదారు. ఇలాంటి చోట బేరంలో ఎవరిది పైచేయో ఊహించడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు.

అయితే అమెరికాని ఒకే మనిషిలా చూడొద్దు. అక్కడ మెక్సికో గల్ఫ్ తీరంలో వలేసి రొయ్యలు పట్టేవాళ్లున్నారు. చెరువు రొయ్య చవగ్గా దిగడంతో వాళ్ల రేట్లు పడిపోయాయి. 2003 చివర్లో వాళ్ల తరఫున యాంటీ డంపింగ్ పిటిషన్ పడింది, అంటే మరీ తక్కువ ధరకి తెచ్చి కుమ్మరిస్తున్నారన్న ఫిర్యాదు. 2005 మొదట్లో ఇండియా, థాయిలాండ్, వియత్నాం, చైనా, ఈక్వెడార్, బ్రెజిల్ రొయ్యల మీద సుంకాలు వచ్చాయి. అప్పట్లో అక్కడ ఒక విచిత్రమైన చట్టం అమల్లో ఉండేది: వసూలైన సుంకాన్ని పిటిషన్ వేసినవాళ్లకే పంచేవారు. అంటే కేసు గెలిస్తే పోటీ తగ్గుతుంది, పైగా చేతికి డబ్బులొస్తాయి. దాన్ని 2006లో రద్దు చేశారు. దిగుమతిదారులు సుంకంతో పాటు పెద్ద మొత్తంలో బాండ్ కూడా కట్టాలన్న నిబంధన మీద మనదేశం ప్రపంచ వాణిజ్య సంస్థకి (డబ్ల్యూటీవో) వెళ్లి 2008లో గెలిచింది. 2024 డిసెంబరులో మళ్లీ, ఈసారి సబ్సిడీలిస్తున్నారన్న కారణంతో, ఆరు శాతానికి కాస్త తక్కువగా మరో సుంకం పడింది.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. యాంటీ డంపింగ్ రేటుని అమెరికా వాణిజ్య శాఖ మళ్లీ మళ్లీ సమీక్షిస్తుంది. కానీ ఎగుమతిదారులందరి పుస్తకాలూ తెరవదు. పెద్దవాళ్లలో కొందర్ని ఎంచుకుని, వాళ్ల లెక్కలు చూసి రేటు కడుతుంది. మిగతావాళ్లకి వాళ్ల సగటే దిక్కు. అంటే భీమవరంలో రొయ్య శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక చిన్న ప్లాంటు ఎంత సుంకం కట్టాలన్నది, తనకి ఏ సంబంధమూ లేని ఇద్దరు పెద్దల ఖాతా పుస్తకాలు తేలుస్తాయి. దీని గురించి తెలుగులో ఎవరైనా వివరంగా రాస్తే చదవాలని నాకెప్పటినుంచో ఉంది.

అమెరికాలో అంతర్జాతీయ రాజకీయ అర్థశాస్త్రాన్ని దేశాల మధ్య బేరాల లెక్కగా చూసే అలవాటు ఎక్కువ. బ్రిటన్‌లో సుసాన్ స్ట్రేంజ్ అనే పండితురాలు దాన్ని ఇంకోలా చూసింది. అధికారం నాలుగు చోట్ల ఉంటుందంది: భద్రత, ఉత్పత్తి, అప్పు, జ్ఞానం. ఎక్కడ నిలబడ్డా ముందు “ఎవరికి లాభం?” అని అడగమంది. మన రొయ్య దగ్గర ఆ నాలుగోది చాలా స్పష్టంగా కనపడుతుంది. ఇప్పుడు మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ మన రొయ్య కాదు. పసిఫిక్ మహాసముద్రానికి తూర్పున, మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న తీరం దాని పుట్టిల్లు. 1994 చివర్లో తెల్లమచ్చ రోగం వచ్చి నెల్లూరు వైపు టైగర్ రొయ్యని ఊడ్చేశాక చాలా ఏళ్లు రైతులు కోలుకోలేదు. 2009లో వనామీకి అనుమతి వచ్చింది. దానికి రోగం లేని తల్లి రొయ్యలు కావాలి. అవి హవాయి, ఫ్లోరిడాల్లోని కంపెనీల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి, అక్కడ క్వారంటైన్‌లో ఉంటాయి, ఆ తర్వాతే రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీలకి చేరతాయి. మనూళ్లో చెరువు, మన నీళ్లు, మన కరెంటు, మన కూలి. కానీ పిల్ల ఎవరి చేతిలో ఉందో, ఎన్నో తరం వరకు మంచి పిల్లగా ఉంటుందో తేల్చే జ్ఞానం ఎక్కడో ఉంది. రైతులు దీన్ని సిద్ధాంతం అనరు, “సీడ్ బాగోలేదండి” అంటారు. ఆ మాట వెనక ఉన్నదంతా మీరు రాయాలి.

ఇక గట్టు వైపుకి వద్దాం. నాకు మనసు ఎక్కువగా ఉన్నది ఇటే, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

పొలిటికల్ ఎకాలజీ అంటే పర్యావరణం పాడైపోతోందని బాధపడటం కాదు. పీర్స్ బ్లైకీ అనే భూగోళశాస్త్రవేత్త నేపాల్‌లో మట్టి కోత గురించి పనిచేశాడు. రైతుకి తెలివి లేక కొండవాలు దున్నుతున్నాడు, అందుకే మట్టి కొట్టుకుపోతోంది అని అందరూ అనేవారు. బ్లైకీ 1985 నాటికి ఇంకోలా చెప్పాడు: ఆ రైతు వాలు ఎందుకు దున్నుతున్నాడు? పల్లపు నేల తన చేతిలో లేదు కాబట్టి. ఎందుకు లేదు? అప్పు, పన్ను, భూమి పంపకం. ఇలా మట్టి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ రాజధాని దాకా, ఆపైన మార్కెట్ దాకా వెళ్లాలి. మీ పద్ధతి ఇదే కావాలి, మట్టి బదులు ఉప్పు.

ఒక వరి చేను పక్కన రొయ్యల చెరువు వచ్చింది అనుకోండి. చెరువులో నీటిమట్టం చేను కంటే ఎత్తులో ఉంటుంది. ఉప్పు ఊట గట్టు దాటుతుంది. మొదటి ఏడాది గట్టువార నాలుగు వరసల వరి పండిపోయినట్టు పసుపెక్కుతుంది. మూడో ఏడాదికి ఆ చేను రైతు, ఇష్టం ఉన్నా లేకపోయినా, తనూ చెరువు తవ్వుతాడు లేదా కౌలుకిచ్చేస్తాడు. బయటినుంచి వచ్చి చూసిన సర్వేవాడు “రైతులు లాభం చూసి రొయ్యలకి మారారు” అని రాసుకుని వెళ్లిపోతాడు. ఆ చేను రైతు లాభం చూసి మారలేదు, ఉప్పు తరిమితే మారాడు. ఈ తేడా ప్రశ్నాపత్రంలో దొరకదు. ఎవరి చెరువు ముందు వచ్చింది, ఎవరిది తర్వాత వచ్చింది అన్న వరస కావాలి.

చట్టాన్ని కూడా ఉప్పు వైపు నుంచే చదవండి. తమిళనాడుకి చెందిన గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీర ప్రాంత నియంత్రణ మండలంలో, అంటే మామూలుగా సముద్రపు పోటు గీతకి 500 మీటర్ల లోపు, సంప్రదాయ పద్ధతిలో తప్ప రొయ్యల చెరువులు ఉండకూడదంది. చిలికా, పులికాట్ సరస్సులకి వెయ్యి మీటర్ల లోపు కూడా వద్దంది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. నిషేధం 200 మీటర్లకి కుదిరింది, ఆ తీర్పు పట్టు చాలావరకు సడలింది. ఈ 500కీ 200కీ మధ్య ఉన్న 300 మీటర్లలో ఎవరి భూములున్నాయి, ఎవరి గుడిసెలున్నాయి? ఒక్క మండలానికి ఈ లెక్క తీసినా చాలు.

ఇంకో కంత ఉంది. ఆ చట్టం పోటు గీత నుంచి రెండు కిలోమీటర్ల వరకే చూస్తుంది. వనామీ తక్కువ ఉప్పులో కూడా బతుకుతుంది కాబట్టి లోపలి మండలాలకి, ఉప్పు బోర్ల మీద, కాలువ నీళ్ల మీద పాకింది. అక్కడ నడిచేది రాష్ట్ర నిబంధనలు, ఆక్వా జోన్లు, అంటే చెరువుల సాగుకని ప్రభుత్వం గుర్తించిన ప్రాంతాలు. జోన్‌లో ఉన్న చెరువుకి కరెంటు యూనిట్ రూపాయిన్నరకి ఇచ్చారు, జోన్ బయట ఉన్నవాడికి ఆ రేటు రాలేదు. పటం మీద గీసిన గీత, చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్ ఎన్ని గంటలు తిరగాలో తేలుస్తుంది. ఏరేటర్ ఆగితే రొయ్య తెల్లవారేసరికి తేలుతుంది.

కొల్లేరు కథ మీకు ఎలాగూ తెలుసు. 1999లో ఐదో కాంటూరు (పటం మీద ఎత్తుని చూపే గీత) వరకు అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు, రెండేళ్లకే శాసనసభ మూడో కాంటూరుకి కుదించమని తీర్మానించింది. దాని మీద చాలామంది రాశారు. మీరు మళ్లీ కొల్లేరు తీసుకోవద్దనే నా సలహా. తీసుకుంటే మాత్రం గట్లు తెగినప్పుడు పెట్టుబడి పెట్టినవాడికి ఎంత పోయింది, అక్కడే పుట్టిన వడ్డి కులస్తులకి ఎంత పోయింది అన్నది విడివిడిగా చూడండి.

ఇప్పుడు రెండూ కలిసే చోటు. థీసిస్ ప్రాణం ఇక్కడుంది. రైతు మేత అప్పు మీద తెస్తాడు. అప్పిచ్చిన డీలరో, అతని మనిషో పట్టుబడి రోజున ఏజెంటుగా నిలబడతాడు. అప్పున్నవాడికి బేరమాడే నోరుండదు. అమెరికాలో సుంకం పెరిగిందన్న వార్త ప్లాంటుకి, ప్లాంటు నుంచి ఏజెంటుకి, ఏజెంటు నుంచి గట్టుకి గంటల్లో దిగుతుంది. సుంకం తగ్గిన వార్త మాత్రం నింపాదిగా నడిచి వస్తుంది. రేటు తగ్గినప్పుడు రైతు ఏం చేస్తాడు? ఎకరానికి రాబడి తగ్గింది కాబట్టి పిల్లని ఇంకా దట్టంగా వేస్తాడు. చదరపు మీటరుకి 60కి మించకూడదని నిబంధన. ఆ అంకె గట్టు మీద ఎంత గౌరవం పొందుతోందో మీరే చూడండి. దట్టంగా వేస్తే రోగం, రోగం అనగానే యాంటీబయాటిక్ మందు. యూరప్ ఇదంతా చూసి 2016లో మన చెరువు రొయ్యల సరుకులో 10 శాతం బదులు 50 శాతం పరీక్షించడం మొదలుపెట్టింది. అక్కడ తిరస్కరిస్తారన్న భయంతో సరుకు ఇంకా ఎక్కువగా అమెరికా వైపే మళ్లుతూ వచ్చింది. అటువైపు మళ్లేకొద్దీ మనం ఆ ఒక్క గిరాకీదారు చేతిలో ఇంకా గట్టిగా చిక్కుతాం. గుండ్రంగా తిరిగి మొదటికొచ్చాం చూడండి. ఇందులో ఎకాలజీ ఎక్కడ ఆగింది, అర్థశాస్త్రం ఎక్కడ మొదలైంది? మీ గైడ్‌ని ఇదే అడగండి, మర్యాదగా.

చదువు విషయానికొస్తే స్ట్రేంజ్, బ్లైకీ, సరుకు గొలుసుల మీద గ్యారీ జెరెఫీ, పేదల పర్యావరణవాదం మీద జోన్ మార్టినెజ్ అలియెర్, ఉమ్మడి వనరుల మీద ఎలినార్ ఆస్ట్రమ్. మొదటి ఏడాదికి ఈ ఐదుగురు చాలు. మన థీసిస్‌లలో సిద్ధాంతం అధ్యాయం పెళ్లిపందిరి లాగా ఉంటుంది. ఆర్భాటంగా వేస్తారు, తాళి కట్టగానే విప్పేస్తారు, తర్వాత అధ్యాయాల్లో దాని గుంజ కూడా కనపడదు. మీరు రెండే భావనలు తీసుకుని చివరిదాకా వాడండి.

డేటా సంగతి. ఎగుమతుల అంకెలు కొచ్చిలో ఉన్న ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఏటా ఇస్తుంది. అమెరికా సుంకం కేసుల నిర్ణయాలన్నీ వాళ్ల ప్రభుత్వ గెజిట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఓపిగ్గా చదివితే మన సబ్సిడీల గురించి మన ఆఫీసుల్లో కంటే అక్కడే ఎక్కువ తెలుస్తుంది, నవ్వకండి. ఊళ్లో అడంగల్, 1-బి తీయండి, ఏ సర్వే నంబర్‌లో ఏ పంట ఉందో, భూమి ఎవరిదో చెప్పే రెవెన్యూ రికార్డులు అవి. అడంగల్‌లో వరి అని ఉన్న సర్వే నంబర్‌ని పాత ఉపగ్రహ చిత్రాల్లో ఏడాదివారీగా చూడండి, నీళ్లు ఏ ఏడాది మెరిశాయో కనపడుతుంది. కాగితం మీద వరి, కంటికి చెరువు. ఆ తేడాని సంవత్సరాలవారీగా రాసుకుంటే అదే ఒక డేటా. అసైన్డ్ భూములని, అంటే ప్రభుత్వం పేదలకి పంచినవాటిని, తప్పకుండా వేరు చేయండి. 1977 చట్టం అవి చేతులు మారకూడదంది, 2023లో ఆ నిషేధాన్ని కొంత సడలించారు. అలాంటి భూమికిచ్చే డి-పట్టా ఒక దళిత కుటుంబం పేరున ఉండి, చెరువు ఇంకొకరిదై ఉంటే, ఆ కౌలు కాగితం మీద ఉండదు, నోటి మాట మీద ఉంటుంది. దాన్ని తెలుసుకోవాలంటే ఊళ్లో నెలలు గడపాలి.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదటిసారి ఫీల్డ్‌కి వెళ్లినప్పుడు నాలుగు నెలలు చెరువుల యజమానులతోనే మాట్లాడాను. వాళ్లు కుర్చీ వేస్తారు, కొబ్బరి బోండాం కొడతారు, అంకెలు చెప్తారు. నోట్‌బుక్‌లు నిండాయి. తిరిగొచ్చే ముందు రోజు బస్టాపులో ఒకామె “మా పేట చెరువు నీళ్లు ఎప్పుడు చూస్తారండి?” అని అడిగింది. నేనసలు వాళ్ల పేటలోకే వెళ్లలేదు. ఆమె తెల్లవారకముందే ప్లాంటు వ్యాన్ ఎక్కి రొయ్య వొలవడానికి వెళ్తుంది. ఇంటికొచ్చాక డబ్బా నీళ్లు కొంటుంది, ఎందుకంటే పేటలో మంచినీళ్ల చెరువు ఉప్పయింది. ఒకే రొయ్య ఆమెకి కూలి ఇస్తోంది, ఆ కూలిలో కొంత నీళ్ల కింద తీసుకుంటోంది. నా నాలుగు నెలల అంకెల్లో ఆమె నీళ్ల ఖర్చు ఎక్కడా లేదు. ఎగుమతి విలువలో కూడా లేదు. తిరుగు టికెట్ రద్దు చేసుకున్నాను.

అందుకని రెండు ఊళ్లు చాలు మీకు: ఒకటి జోన్‌లో, ఒకటి బయట. రెండు పంటలైనా కళ్లారా చూడండి, పిల్ల వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా. ఊళ్ల పేర్లు మార్చి రాయండి. అనుమతి లేని చెరువుల గురించి మీరు రాసింది చదివి రేపు ఎవరైనా నోటీసు పట్టుకెళ్తే, అది ముందు చిన్నవాడి గట్టు మీదికే వెళ్తుంది. మీ బంధువులకి చెరువులుంటే (భీమవరం వైపు వాళ్లకి లేకపోవడమే వింత) ఆ విషయం మొదటి అధ్యాయంలోనే చెప్పేయండి, టెన్షన్ ఉండదు. తుందుర్రు దగ్గర ఆక్వా ఫుడ్ పార్కుకి వ్యతిరేకంగా గొంతేరు డ్రెయిన్ గురించి జనం ఏళ్లపాటు పోరాడారు కదా. ఆ గొడవలో మీవాళ్లు ఏ పక్కన నిలబడ్డారో జనం మర్చిపోరు. మీరు మర్చిపోయినట్టు నటించొద్దు.

గైడ్‌కి ఇచ్చే కాగితంలో ‘ఆంధ్రలో రొయ్యల సాగు: ఒక అధ్యయనం’ లాంటి శీర్షిక పెట్టొద్దు. అది చూసే ఆయన లోకల్ అన్నారేమో. “అమెరికా సుంకంలో మార్పు గోదావరి డెల్టాలో ఎవరి మీద, ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో పడుతుంది, ఆ భారం నేలలో, నీళ్లలో ఎలా జమవుతుంది” అని ఒక్క ప్రశ్న రాసివ్వండి. ఒప్పుకోకపోతే మళ్లీ ఇక్కడ రాయండి, ఇంకో దారి చూద్దాం.

సిద్ధాంతం చదవడం వచ్చే నెలకి వాయిదా వేసుకున్నా ఫర్వాలేదు గానీ ఒక పని ఈ రోజే మొదలుపెట్టండి. ఏజెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కౌంట్‌వారీ రేట్లు వస్తాయి. ఒక గ్రూపులో చేరి ప్రతి రాత్రీ తారీఖు వేసి 30, 50, 100 కౌంట్ రేట్లు నోట్‌బుక్‌లో ఎక్కించండి. గట్టు మీద నిన్నటి రేటు ఎవరూ దాచుకోరు. ఇంకో సంగతి, నీళ్లలో ఉప్పు చూసే చిన్న ఈసీ మీటర్ పెద్ద ఖరీదు కాదు, ఒకటి కొనుక్కోండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఊరి మంచినీళ్ల చెరువులో ఒకసారి, పేట చెరువులో ఒకసారి ముంచి, రెండు అంకెలూ నాకు పంపండి.